మధురవాణిని తీసేస్తే సుబ్బి పెళ్లి ఎవరు ఆపుతారు?

విజయనగరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వార్షికోత్సవానికి మీరు కన్యాశుల్కంలోని రంగాలు నేర్చుకుంటూ ఉండగా, పిల్లల చేత వేశ్య పాత్ర ఆడించడమేమిటని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారనీ, మధురవాణిని తీసేసి మిగిలినది ఆడుకోమన్నారనీ రాశారు. ఇటువంటి పుస్తకాలు బడిలో ఉండవచ్చునా అని కూడా అడిగారు. ఉండాలనే నా అభిప్రాయం, కాని చెప్పడం చేతకానివాడు వాటి జోలికి పోకూడదు.

1892లో ఆ నాటకాన్ని తొలిసారి ఆడింది మన ఊళ్లోనే. ఆనంద గజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే సొమ్ము పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్ల, జాబితా రాయిస్తే 1,034 పెళ్లిళ్లు తేలాయని గురజాడ వారు 1897 నాటి తొలి ముద్రణ పీఠికలో రాశారు. వధువుల్లో ఐదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల అంటే ఇంకా ఉయ్యాలలో ఉండే పసిగుడ్డు. ఆ పెళ్లిళ్లు చేసినవారు పరువుగల పెద్దమనుషులు. నాటకంలో ముసలి లుబ్ధావధాన్లుకు చిన్నపిల్ల సుబ్బిని కట్టబెట్టకుండా ఆపడానికి పూనుకున్నవారిలో మధురవాణి ఉంది. ఆవిడను తీసేస్తే నాటకంలో గురజాడ చెప్పదలచుకున్నదే పోతుంది.

పైగా దాచినంత మాత్రాన పిల్లలు చదవరనుకోవడం పొరపాటు. నా చిన్నతనంలో మా మాస్టారొకరు లైబ్రరీ పుస్తకంలో తనకు నచ్చని రెండు పేజీలను మైదాపిండి జిగురుతో అంటించేశారు. మేము వాటిని ఉడుకుతున్న అన్నం గిన్నె ఆవిరి మీద పట్టుకుని విడదీశాము. ఆ పుస్తకంలో మేము చదివినవి ఆ రెండు పేజీలే.

ఇక నా తప్పు చెబుతాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో రాసిన మాలపల్లి నవల 1922లో అచ్చయింది. ప్రభుత్వం దానిని నిషేధించింది. తరువాత షరతులతో వదిలినా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠ్యగ్రంథమయ్యాక 1936లో మళ్లీ నిషేధించింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాకగాని ఆ నిషేధం తొలగలేదు. ఈ చరిత్రంతా తొమ్మిదో తరగతిలో ఉత్సాహంగా చెబుతూ పుస్తకం పేరు నాలుగైదుసార్లు గట్టిగా పలికాను. వెనుక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక కుర్రవాడు తల వంచుకుని, పీరియడ్ అయిపోయేదాకా పెన్సిలు చెక్కుతూనే ఉన్నాడు. అతడి పేటను ఊళ్లో ఆ మాటతోనే పిలుస్తారన్నది నాకు తెలియని సంగతి కాదు. ఆ క్షణంలో తోచలేదు, అంతే. నవ్వినవాణ్ణి మందలించను కూడా లేదు.

తరువాతి ఏడాది పుస్తకం తెరవకముందే ఒక పీరియడంతా ఆ మాట మీదనే గడిపాను: దానిని ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో అనేవారు, రచయిత దానిని తెలిసి తెలిసి అట్ట మీదకు ఎందుకు ఎక్కించారు అని. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు.

అలాగని అన్నీ బడిలోనే చదవాలనను. చలం నవల మైదానం మీ వయసుకు పాఠం కాదు; కాలేజీకి వెళ్లాక మీరే చదువుకుని, నచ్చకపోతే నాతో పోట్లాడవచ్చు. కన్యాశుల్కం మాత్రం పదో తరగతివారికి బాగానే అందుతుంది. ఆదివారం మీ తెలుగు మాస్టారినీ, అభ్యంతరం చెప్పిన ఆ తల్లిదండ్రులనూ మన ఇంటికి పిలవండి. ముందుగా ఆ పీఠికలోని లెక్కలు చదివి వినిపిస్తాను. ఆ తరువాత మధురవాణి రంగం మీరు ఆడి చూపించండి.

మీ తాతయ్య