ఊరికి తోడు పెట్టే పాట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న త్యాగరాజ ఆరాధన చూసి వస్తుంటే చిన్నోడు ఆటోలో అడిగాడు, "టికెట్ లేదు కదా తాతయ్యా, అంతమంది వచ్చి ఊరికే పాడి వెళ్లిపోతే ఎవరికి లాభం?" అని. ఆ హారన్ల గోలలో సరిగ్గా చెప్పడం కుదరలేదు, అందుకే ఈ ఉత్తరం.

అమ్మమ్మ రాత్రిపూట పాలు తోడుపెట్టడం చూశారు కదా. ఇంట్లో తోడుకి పెరుగు లేకపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్తాం, వాళ్లు చెంచాడు వేసి పంపుతారు, దానికి డబ్బులు తీసుకున్నవాళ్లను నేనైతే చూడలేదు. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు, చిలికితే వెన్న, కాస్తే నెయ్యి. ఊళ్లో ఉచితంగా జరిగే కచేరీ ఆ చెంచాడు తోడు, ఊరు పాలు. అయితే పాలు గోరువెచ్చగా ఉండాలి, చల్లారిపోతే ఎంత తోడు వేసినా పేరుకోదు, అంటే వచ్చి కూర్చునే జనం కావాలి. ఇంకోటి, ఉన్న పెరుగంతా తినేయకుండా రేపటి తోడుకి కొంచెం ఉంచాలి. ఆ ఉంచే కొంచెం మీరే, ముందు వరసలో కూర్చుని తాళం వేసే పిల్లలు.

తంజావూరు పక్కన కావేరి ఒడ్డున తిరువయ్యారు ఉంది. త్యాగయ్యగారు 1847లో అక్కడే సిద్ధి పొందారు. ఆయన బియ్యం కోసం వీధుల్లో పాడుతూ ఉంఛవృత్తి చేసిన మనిషి, పాటను అమ్ముకోలేదు. ఆ సమాధి పాడుబడితే గాయని బెంగళూరు నాగరత్నమ్మగారు తన సంపాదన పోసి గుడి కట్టించారు, 1926లో కుంభాభిషేకం జరిగింది. అంత చేసినా అక్కడ ఆడవాళ్లను పాడనివ్వలేదు, ఆవిడ పోరాడి పాడించారు. ఇప్పుడు పుష్య బహుళ పంచమి నాడు పేరున్న విద్వాంసులూ నేర్చుకునేవాళ్లూ పక్కపక్కన కూర్చుని, పైసా తీసుకోకుండా, ఐదు పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుతో పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఒక్కో కీర్తనకి ఒక్కో రాగం. తమిళ ఊళ్లో అన్ని వేలమంది మధ్య మన తెలుగు మాట! అది విని నాకు మాట రాలేదు, మీకు వివరించడం కూడా నా వల్ల కాదు.

మా చిన్నప్పుడు శ్రీరామనవమికి తాటాకు పందిరి వేసి తొమ్మిది రోజులు హరికథలు, సన్నాయి కచేరీలు పెట్టేవాళ్లు. సన్నాయి ఆయన మొదలుపెట్టే ముందు, సన్నాయి కొసకి తగిలించి ఊదే పీకను నోట్లో పెట్టుకుని నానబెడతాడు, ఇంకొన్ని పీకలు దారానికి కట్టి సన్నాయికే వేలాడుతుంటాయి. ఒకటి నచ్చకపోతే ఇంకొకటి మార్చి, 'పీ' మని చిన్నగా ఊది చూసుకుంటాడు. నేను పాట కంటే దాన్నే ఎక్కువ చూసేవాణ్ని. పందిరి బయట మరమరాలు, బెల్లం జీళ్లు, గాజులు, సోడాలు. చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు, ఆ తొమ్మిది రోజుల అమ్మకంతోనే అప్పు తీర్చుకున్న కుటుంబాలు మా ఊళ్లో ఉండేవి. పాట ఉచితమేరా, దాని కోసం వచ్చినవాడికి ఆకలి వేస్తుంది కదా, పడుకోవడానికి చోటు కావాలి కదా.

అంతటితో అయిపోదు. ఊరికే వినడానికి వచ్చిన పిల్లాడు ఇంటికెళ్లి వీణ నేర్చుకుంటానంటాడు. అప్పుడు ఒక గురువుకి శిష్యుడు దొరికాడు, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమొద్దును తొలిచి వీణ చేసేవాళ్ల చేతికి పని దొరికింది. టికెట్ పెట్టి ఉంటే ఆ పిల్లాడు గేటు దాకా కూడా వచ్చేవాడు కాదు.

కాకపోతే షామియానాకీ మైకుకీ, పాడేవాళ్ల ప్రయాణాలకీ డబ్బు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. కాబట్టి చందా అడిగితే మీ నాన్నని విసుక్కోకుండా ఇమ్మని చెప్పండి. కచేరీ మధ్యలో లేచి తిరగడం, ఫోన్ చూడడం వద్దు, బాగుండదు.

వచ్చే నవమికి పందిరి దగ్గర ఒక గంట లోపల కూర్చోండి, ఇంకో గంట బయట నిలబడి చూడండి. పూలమ్మే ఆవిడని, మామూలు రోజుల్లో ఎన్ని మూరలు అమ్ముతుందో, ఈరోజు ఎన్ని అమ్మిందో అడిగి నాకు రాయండి.

మీ
తాతయ్య