వాచీలో పదివేలు దాటాయా? అయితే ఏంటి? (అపోహలు - వాస్తవాలు)

అనంతపురంలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. మోకాళ్ల నొప్పులతో, షుగర్‌తో వచ్చేవాళ్ల చేతికి ఈమధ్య స్మార్ట్‌వాచ్ ఎక్కువగా కనిపిస్తోంది. వాటితోపాటు కొన్ని నమ్మకాలూ వస్తున్నాయి.

అపోహ: రోజుకు పదివేల అడుగులు వేయాలని డాక్టర్లు తేల్చారు.

వాస్తవం: ఆ అంకె 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటర్‌తో జనంలోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల్లో పెద్దవాళ్లకు అడుగుల లెక్క లేదు, నిమిషాల లెక్కే ఉంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, లేదంటే 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ చేయాలి. దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. ఓ మోస్తరు అంటే మాట్లాడగలరు కానీ పాట పాడలేరు. నడకలో అయితే నిమిషానికి సుమారు 100 అడుగులు. ఇంట్లో అటూ ఇటూ మెల్లగా తిరిగి పదివేలు పూర్తిచేస్తే కూర్చోవడం కంటే మేలే, కానీ ఈ 150లో అది పడదు.

అపోహ: ఒంటికి తగిలిన ప్రతి శ్రమనూ వాచీ పట్టేస్తుంది.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. వాచీలో కదలికను కొలిచే చిన్న భాగం (యాక్సిలరోమీటర్) ఉంటుంది, దానికి తెలిసేది మణికట్టు కదలిక ఒక్కటే, బరువు తెలియదు. చంకన బిందె పెట్టుకుని ఆ చేత్తోనే పట్టుకుని నడిస్తే చెయ్యి ఊగదు, అడుగులు తగ్గిపోతాయి. సైకిల్ తొక్కినా అంతే. గుంతల రోడ్డు మీద బండిలో పోతే మాత్రం కొన్ని వాచీలు అడుగులు కలిపేస్తాయి! శెనక్కాయ చెట్లు పొద్దంతా పీకిన మనిషికి వాచీ కడితే రోజంతా ఖాళీగా ఉన్నట్టు చూపించినా ఆశ్చర్యం లేదు. ఆమెను "ఎక్సర్‌సైజ్ చేస్తావా అమ్మా" అని అడిగితే లేదనే అంటుంది. పొలం పని, నడిచి పోయిరావడం కూడా సిఫార్సు లెక్కలోకే వస్తాయి. అందుకే పరిశోధనల్లో పరికరాన్ని నడుముకో తొడకో కూడా కడతారు, పని, ప్రయాణం, తీరిక వేళల గురించి విడివిడిగా అడుగుతారు.

అపోహ: అయితే అడిగి రాసుకుంటే చాలు.

వాస్తవం: చాలదు, మనం ఎక్కువ చెప్పుకుంటాం. అమెరికాలో 2003-04 జాతీయ సర్వేలో నడుముకు పరికరం కట్టి చూస్తే, సిఫార్సును అందుకున్న పెద్దవాళ్లు 5 శాతం కూడా తేలలేదు. నోటితో చెప్పినవాళ్లు దానికి ఎన్నో రెట్లు. ఒక మాట, అప్పట్లో పది నిమిషాలు వరసగా చేస్తేనే లెక్క. 2020లో ఆ షరతు తీసేశారు. మేడమెట్లు ఎక్కిన రెండు నిమిషాలూ ఇప్పుడు మీ ఖాతాలోవే.

అపోహ: గుండె వేగం చూపే వాచీ అయితే తప్పు రాదు.

వాస్తవం: బీపీకి అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు గుండె వేగం అంతగా పెరగదు. చెమట కారేలా నడిచినా వాచీ 'తేలిక' అనే అంటుంది. వాచీ మాట విని మాత్ర మానకండి.

అపోహ: 300 కేలరీలు కరిగాయి, ఇంకో ఓళిగ తినొచ్చు.

వాస్తవం: 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు పరికరాలు పరీక్షిస్తే, కేలరీల్లో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. ఓళిగ మీ ఇష్టం.

నా దగ్గరికి వచ్చేటప్పుడు ఒక మంచి రోజు స్క్రీన్‌షాట్ కాకుండా వారం మొత్తం తెండి. రోజుకు కనీసం పది గంటలు కట్టుకున్న రోజులు నాలుగైనా ఉండాలి. ఎండాకాలం వారం, కళ్లం పనుల వారం వేర్వేరుగా ఉంటే ఇంకా మంచిది.