రిపోజిటరీ మారినప్పుడు ఏం చేయాలి? ఆప్ట్ వాడేవారి అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఒక చిన్న ఆఫీసులో సర్వర్లు, బిల్డ్‌లు చూసుకోవడం నా పని. జనగామ, పరకాల, హుజూరాబాద్ నుంచి పిల్లలు మా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కు వస్తుంటారు. ఉబుంటు, డెబియన్ లినక్స్‌లలో రిపోజిటరీల (ప్యాకేజీలు ఉంచే ఆన్‌లైన్ నిల్వల) నుంచి సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టే ఆప్ట్ ఏదైనా హెచ్చరిక చూపిస్తే చాలామంది గూగుల్‌లో దొరికిన పాత కమాండ్‌ను సుడోతో (అడ్మిన్ అధికారంతో) నడిపేస్తారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: "అన్నా, నా లాప్‌టాప్‌ల మంచిగనే బిల్డ్ అయితుంది. రిపోజిటరీ బాగానే ఉన్నట్టు."

వాస్తవం: అక్కడ నడుస్తున్నది డాకర్ (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవన్నీ కలిపి ఒక ఇమేజ్‌గా కట్టే సాధనం) గత బిల్డ్ నుంచి దాచుకున్న పాత లేయర్ కావచ్చు. ఇలాంటి ఇమేజ్‌లను చాలా మెషీన్లపై నడిపే కుబర్నెటీస్ సాఫ్ట్‌వేర్ పాత రిపోజిటరీలో 2023 సెప్టెంబర్ 13 తర్వాత కొత్త ప్యాకేజీలు పెట్టడం ఆపేశారు, 2024 మార్చిలో దాన్ని పూర్తిగా తీసేశారు. మా డాకర్‌ఫైల్‌లో (బిల్డ్ దశలు రాసే ఫైల్‌లో) ఆ పాత చిరునామాయే ఉండిపోయింది. ఆ లైన్‌ను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అందరి లాప్‌టాప్‌లలో బిల్డ్ క్యాష్ నుంచే అవుతూ వచ్చింది. కొత్త బిల్డ్ సర్వర్ పెట్టిన రోజు 'రిలీజ్ ఫైల్ లేదు' అని ఆగిపోయింది. సాయంత్రం దాకా మా నెట్‌నే అనుమానించాం. ఇప్పుడు ప్రతి సోమవారం రాత్రి క్యాష్ లేకుండా ఒక బిల్డ్ దానంతటదే నడుస్తుంది. ఏదైనా రిపోజిటరీ పోతే ఆ సంగతి మంగళవారం పొద్దున్నే తెలిసిపోతుంది.

అపోహ: చిరునామా మారిస్తే చాలు, మిగతాదంతా మామూలే.

వాస్తవం: కుబర్నెటీస్ కొత్త చిరునామాలో ఒక్కో మైనర్ వెర్షన్‌కు ఒక్కో రిపోజిటరీ ఉంది. 1.29 పెట్టుకున్న మెషీన్‌లో ఆప్ట్ అప్‌డేట్ ఎన్నిసార్లు కొట్టినా 1.30 కనిపించదు, సోర్స్ ఫైల్‌లో నంబర్ మార్చాల్సిందే. నాకైతే ఇదే నయం. మామూలు అప్‌గ్రేడ్‌లో క్లస్టర్ (కుబర్నెటీస్ నడిచే మెషీన్ల గుంపు) వెర్షన్ పొరపాటున పెరిగిపోతుందన్న టెన్షన్ తగ్గింది. ఆ నంబర్‌ను మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టాం, ఎవరు ఎప్పుడు మార్చారో అక్కడే ఉంటుంది.

అపోహ: ఆప్ట్-కీ హెచ్చరికను పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: ఆప్ట్-కీ అనేది రిపోజిటరీ సంతకాన్ని తనిఖీ చేసే కీలను చేర్చే పాత కమాండ్. దాంతో చేర్చిన కీని, సైన్డ్-బై (ఈ రిపోజిటరీకి ఈ కీయే అని చెప్పే సెట్టింగ్) రాయని రిపోజిటరీలన్నిటికీ ఆప్ట్ నమ్ముతుంది. పాలవాడికి గేటు తాళంచెవి ఇవ్వబోయి ఇంటి తాళాల గుత్తి మొత్తం చేతిలో పెట్టినట్టు. కీని ఈటీసీలో ఆప్ట్ కింద ఉండే కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, ఏ రిపోజిటరీదో ఆ ఎంట్రీలోనే సైన్డ్-బై రాయండి. డెబియన్ 13లో ఆప్ట్-కీ కమాండే లేదు. అయితే సైన్డ్-బైతోనే పని అయిపోదు. చేర్చిన రిపోజిటరీ ఏ పేరుతోనైనా ప్యాకేజీ ఇవ్వగలదు, దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులు రూట్‌గా (పూర్తి అధికారంతో) నడుస్తాయి. ఏది ఎక్కడి నుంచి వస్తుందో ఆప్ట్-క్యాష్ పాలసీ కమాండ్‌తో చూసుకోవాలి. ఇక ఎర్రర్ పోవాలని 'ట్రస్టెడ్=యస్' రాస్తే సంతకం తనిఖీనే పక్కకు పోతుంది. అలాంటి మార్పును నేను రివ్యూలో ఒప్పుకోను.

అపోహ: ఉబుంటు 24.04లో సోర్సెస్ డాట్ లిస్ట్ (రిపోజిటరీల జాబితా ఉండే ఫైల్) ఖాళీగా ఉంది, ఇన్‌స్టాల్ చెడిపోయింది.

వాస్తవం: చెడలేదు. ఆ వివరాలు ఉబుంటు డాట్ సోర్సెస్ అనే ఫైల్‌లోకి, కొత్త పద్ధతిలోకి మారాయి. పోయిన నెల ఒక తమ్ముడు ఇది తెలియక పాత విడుదల 22.04 లైన్లు తెచ్చి అతికించాడు. వాటిని తీసేయడం నిమిషం పని. ఆలోపు పాత విడుదల నుంచి వచ్చి చేరిన ప్యాకేజీలను ఒక్కొక్కటీ పాలసీతో చూసి సరిచేయడానికి ఇద్దరికీ ఒక పూట పట్టింది.