జనరేటర్ మీద లోడు పంచడం: పందిట్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడ చుట్టుపక్కల ఫంక్షన్లకు లారీ మీద జనరేటర్ తీసుకెళ్లి కనెక్షన్లు ఇవ్వడం నా పని. పోరంకి, కానూరు, గొల్లపూడి వైపు కల్యాణ మండపాలు, దసరా పందిళ్లు, అప్పుడప్పుడు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు. ఎక్కడికెళ్లినా అవే మాటలు వింటుంటాను. కొన్ని మాటలు సామాన్లు కాల్చేస్తాయి, ఒకటి రెండు మనిషి ప్రాణమే తీస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "62.5 కేవీఏ పెట్టించాం, మన లోడు 32 కిలోవాట్లే. ఇంక టెన్షన్ ఎందుకు?"

62.5 కేవీఏ (జనరేటర్ సామర్థ్యం కొలత) అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ (ఆ కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) దగ్గర 50 కిలోవాట్లు. అయితే ఆ 50 ఒకే చోట నుంచి లాగేది కాదు, ఫేజులనే మూడు విడి తీగల్లో పంచుకుని లాగేది. 415 వోల్టుల త్రీఫేజ్ మీద ఒక్కో ఫేజు మోయగలిగేది సుమారు 87 ఆంప్స్. మొత్తం ఎంత తక్కువున్నా ఏ ఒక్క ఫేజూ ఈ అంకె దాటకూడదు.

ఒక వైశాఖమాసంలో పోరంకి దగ్గర రాత్రి ముహూర్తం. డిస్‌ప్లేలో 32 కిలోవాట్లే చూపిస్తోంది. డెకరేషన్ కుర్రాడు వచ్చి "అన్నా, స్టేజీ లైట్లు మాటిమాటికీ డల్ అవుతున్నాయి" అన్నాడు. ప్యానెల్ తలుపు తీసి ఒక్కో కేబుల్‌కి టాంగ్ టెస్టర్ (కేబుల్ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటర్) వేశాను. ఆంప్సుల్లో ఎర్ర ఫేజు 96, పసుపు 31, నీలం 22. స్టేజీ, సౌండు, ఎల్‌ఈడీ వాల్ అన్నీ ఎర్ర ఫేజు మీదే ఉన్నాయి. మేం మొదట ఇచ్చిన పాయింట్లు వదిలేసి ఎవరికి దగ్గరలో ఉన్న బోర్డుకి వాళ్లు తగిలించుకున్నారు. ఫేజుల కరెంటు తిరిగి వచ్చే దారి అయిన న్యూట్రల్ కేబుల్ మీద 70 ఆంప్స్ దాటింది. దాని లగ్గు (కేబుల్ చివర బోల్టుకి బిగించే లోహపు ముక్క) దగ్గర స్లీవు ముడుచుకుపోయి, ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తోంది.

ముహూర్తానికి ఇంకా ముప్పావుగంట ఉంది. పెళ్లికూతురి నాన్నగారి దగ్గరికి వెళ్లి ఐదు నిమిషాలు చీకటి అడిగాను. ఆయన ముఖం చూస్తే నాకే బాధేసింది, కానీ ఒప్పుకున్నారు. జనరేటర్ ఆపి, లగ్గు మార్చి, ఎల్‌ఈడీ వాల్‌ని నీలం మీదికి, ఫోకస్ లైట్లలో సగాన్ని పసుపు మీదికి మార్చాం. మళ్లీ స్టార్ట్ చేస్తే 52, 49, 48. న్యూట్రల్ పన్నెండుకు దిగింది. మొత్తం లోడులో ఒక్క బల్బు కూడా తగ్గలేదు.

అపోహ: "స్టేజీకి ఒక ఫేజు, వంటకి ఒకటి, ఏసీలకి ఒకటి ఇచ్చేస్తే సమానంగా పంచినట్టే."

అనుభవం ఉన్నవాళ్లు కూడా చేసే తప్పు ఇది. కాగితం మీద మూడూ సమానంగానే వస్తాయి. కానీ పెళ్లిలో అన్నీ ఒకేసారి నడవవు. సాయంత్రం వంటవాళ్ల గ్రైండర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు జోరు మీద ఉంటాయి, అప్పటికి స్టేజీ వెలగదు. భోజనాలయ్యాక వంటవైపు దాదాపు ఖాళీ అవుతుంది, స్టేజీ మాత్రం తెల్లవారుజాము దాకా ఉంటుంది. గదులు చల్లబడ్డాక ఏసీ కంప్రెసర్లు ఆగి ఆగి తిరుగుతాయి. ఏడు గంటలకు సమానంగా ఉన్నది పదకొండుకు ఒకవైపు ఒరిగిపోతుంది.

నేను ప్రతి రకాన్నీ మూడుగా విడగొడతాను. ఆరు ఏసీలుంటే ఫేజుకి రెండు. స్టేజీ లైట్లు మూడు సర్క్యూట్లు, మూడు ఫేజులు. అప్పుడు వంటవాళ్లు స్విచ్చులు ఆపేసినా మూడు ఫేజులూ కలిసే దిగుతాయి. ఫేజుల మధ్య తేడా పది పదిహేను శాతం లోపు ఉంచడం నా లెక్క. మీ మెషీన్ మాన్యువల్‌లో కంపెనీ ఇచ్చిన హద్దు ఉంటుంది, అది దాటొద్దు. ఒక్కసారి చూసి వదిలేయకండి, గంటకోసారి టాంగ్ టెస్టర్ వేయండి.

అపోహ: "న్యూట్రల్‌లో కరెంటు ఉండదు, సన్న వైరు చాలు."

మూడు ఫేజులూ సమానంగా ఉంటేనే న్యూట్రల్ ఖాళీగా ఉంటుంది. తేడా ఎంత ఉంటే అంత భారం దాని మీదే. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లు, వాల్స్ వల్ల వచ్చే హార్మోనిక్స్ (కరెంటు అలలో పడే వంకరలు) అయితే, ఫేజులు సమానంగా ఉన్నా న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు, కలిసి పెరుగుతాయి. కాబట్టి ఫేజు కేబుల్ ఎంత లావో న్యూట్రల్ కనీసం అంత లావు ఉండాలి.

ఆ న్యూట్రల్ ఊడిపోతే ఏమవుతుందో చూడండి. ఒక ఫేజు మీద 6 కిలోవాట్ల హీటర్లు, ఇంకోదాని మీద 1 కిలోవాట్ లైట్లు ఉన్నాయనుకుందాం. న్యూట్రల్ లేనప్పుడు ఈ రెండూ 415 వోల్టుల మధ్య వరసగా కట్టినట్టవుతుంది. హీటర్లకు 60 వోల్టులు, లైట్లకు 350 పైన. పోరంకిలో ఆ లగ్గు ఇంకో గంట కాగి ఊడి ఉంటే, తక్కువ లోడున్న పసుపు, నీలం ఫేజుల మీద వోల్టేజీ ఇలాగే పెరిగి వాటి మీదున్న సామాన్లు పోయేవి. నా దగ్గర పనిచేసే పిల్లలకు నేను మొదట నేర్పేది న్యూట్రల్ బోల్టు బిగించడమే.

అపోహ: "మీటర్లో వోల్టేజీ బాగానే ఉంది కదా!"

చాలా మెషీన్లలో ఏవీఆర్ అనే పరికరం ఒక ఫేజునో, రెండు ఫేజుల మధ్యనో చూసి వోల్టేజీ సరిచేస్తుంది. అది చూసే చోట బాగుంటుంది, మిగతావి పక్కకు జరుగుతాయి. కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లవంటి త్రీఫేజ్ మోటార్లకు ఇది చాలా చెడ్డది. ఫేజుల మధ్య వోల్టేజీలో 2 శాతం తేడా ఉంటే మోటారు కరెంటులో తేడా 10 శాతం దాటొచ్చు. మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) నెమ్మదిగా మాడుతుంది, అందరూ కంప్రెసర్‌ని తిడతారు.

అపోహ: "అన్నీ ఆన్ చేసి పెట్టి జనరేటర్ స్టార్ట్ చేస్తే సరి."

డైరెక్టుగా స్టార్ట్ అయ్యే మోటారు మొదటి క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు లాగుతుంది. ముందు పెద్ద మోటారు, అది కుదురుకున్నాక తర్వాతది, చివర్లో లైట్లు.

"పెద్ద జనరేటరైతే భయమే లేదు" అనేవాళ్లకూ ఒక మాట. 30 శాతం లోడు కూడా లేకుండా గంటల తరబడి తిప్పితే డీజిల్ సరిగా మండదు. సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లటి జిగురు కారుతుంది. అవసరానికి తగ్గ సైజే తీసుకోండి.

అపోహ: "మెయిన్ ఆపేశాం, జనరేటర్ వైరు నేరుగా బోర్డుకి తగిలించండి."

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కూడా నన్ను ఇలా అడిగారు. వాళ్ల అవస్థ నాకు తెలుసు, అయినా ఒప్పుకోలేదు. ఎవరైనా తెలియక మెయిన్ ఎత్తితే మన కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్తుంది. అక్కడ అది 11,000 వోల్టులై లైను మీదికి ఎక్కుతుంది. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ దానికి బలి. వీధి కరెంటో జనరేటరో ఏదో ఒకటే కలిపే, మూడు ఫేజులతో పాటు న్యూట్రల్‌నీ మార్చే నాలుగు పోల్ ఛేంజోవర్ స్విచ్ లేకుండా నేను ఏ ఇంటికీ ఇవ్వను.

అపోహ: "లారీకి రబ్బరు టైర్లున్నాయి, ఎర్తింగ్ ఎందుకు?"

రబ్బరు టైర్లుంటేనే ఎర్తింగ్ ఇంకా కావాలి. ఇన్సులేషన్ పోయి బాడీకి కరెంటు వస్తే, టైర్ల మీదున్న లారీ నుంచి అది నేలకు వెళ్లే దారి ఉండదు. తడికాళ్లతో వచ్చి బాడీని ముట్టుకున్న మనిషే దానికి దారి. న్యూట్రల్‌కి రెండు, బాడీకి రెండు విడివిడి ఎర్తులు వేయాలి. గుంటూరు వైపు నల్లరేగడి తడిగా ఉంటే ఎర్తింగ్‌కి చాలా మంచిది, మే నెలలో బీటలు వారితే రాడ్డు చుట్టూ గాలే మిగులుతుంది. కృష్ణ ఒడ్డున పొడి ఇసుకలోనూ ఇదే ఇబ్బంది. రాడ్డు లోతుగా దింపి, ఉప్పు నీళ్లు పోసి, ఎర్త్ టెస్టర్‌తో కొలిచాకే స్టార్ట్ చేస్తాను. ఎండాకాలంలో ఒక పిల్లాడికి బిందె ఇచ్చి రాత్రంతా రెండు గంటలకోసారి ఆ రాడ్డుల గుంటల్లో నీళ్లు పోయిస్తాను.