మునివేళ్ళ మీద నిలబడ్డ కంచు

ఇటలీలో ఫ్లోరెన్స్‌ నగరంలోని బార్జెల్లో మ్యూజియంలో శిల్పి జాంబొలోన్యా పోత పోసిన మెర్క్యురీ విగ్రహం ఉంది. రోమన్ దేవతల దూత ఒక్క కాలి మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి పైకెత్తి, ఎగిరిపోబోతున్నట్టు ఉంటాడు. ఆ వేళ్ళ కింద ఉన్నది నేల కూడా కాదు, వాయుదేవుడి నోట్లోంచి వచ్చే ఊపిరి! ఇదే భంగిమను పాలరాతిలో చెక్కితే చీలమండ దగ్గర పుటుక్కున విరుగుతుంది. రాయి ఎంత బరువైనా మోస్తుంది గానీ వంచితే, లాగితే ఓర్చుకోదు. మైకెలాంజెలో తన పాలరాతి డేవిడ్ విగ్రహానికి కాలి వెనక చెట్టు మొద్దు ఆసరా పెట్టింది అందుకే. అయినా చీలమండల దగ్గర సన్నటి పగుళ్ళు వచ్చాయి. కంచుకి ఆ బాధ లేదు. పైగా లోపల బోలుగా పోసి బరువు తగ్గించొచ్చు.

మెలితిరిగిన ఒళ్ళు, సాగిన అవయవాలు, ఎటునుంచి చూసినా కొత్తగా తోచే భంగిమలు: 16వ శతాబ్దపు మ్యానరిస్టు శిల్పులకు ఇవే మోజు. కంచు వాటికి సరిగ్గా సరిపోయింది. కాకపోతే టెన్షనంతా పోత పోసే రోజుకి చేరింది.

1545లో ఫ్లోరెన్స్ పాలకుడు మొదటి కోసిమో, శిల్పి బెన్వెనూటో చెల్లీనికి పెర్సియస్ విగ్రహం పని అప్పగించాడు. గ్రీకు పురాణాల్లో మెడూసా అనే రాక్షసి తల నరికి పైకెత్తి పట్టుకున్న వీరుడు. మైనపు బొమ్మ మీద మట్టి పూసి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలో కంచు పొయ్యాలి. ఆ రోజు చెల్లీనికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. పైకప్పు అంటుకుంది, తోట వైపు నుంచి గాలీ వానా కొట్టి కొలిమిని చల్లార్చాయి, కరిగిన లోహం గడ్డకట్టింది. ఆయన మంచం దిగొచ్చి ఎండిన ఓక్ కట్టెలతో మంట పెంచాడు. ఇంట్లో ఉన్న ప్యూటర్ అనే మిశ్రమ లోహపు పళ్ళాలు, గిన్నెలు దాదాపు 200 తెప్పించి అందులో వేయించాడు. కంచు పారింది.

ఇదంతా ఆయన ఆత్మకథలో రాసుకున్నదే. సొంత డబ్బా కొట్టుకోవడంలో చెల్లీని తర్వాతే ఎవరైనా, కాబట్టి కొంత తగ్గించుకునే చదవాలి. కానీ పళ్ళాల సంగతిలో సైన్స్ ఉంది. శుద్ధమైన రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పదో వంతు తగరం కలిపితే ఆ మిశ్రమం ఇంకా తక్కువ వేడికే ద్రవంగా ఉంటుంది. ఎక్కువసేపు కాగితే తగరం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముందుగా ఖర్చైపోతుంది, మిగిలిన లోహం చిక్కబడుతుంది. ప్యూటర్‌లో ఉండేది చాలావరకు తగరమే. పోయినదాన్ని పళ్ళాల రూపంలో తిరిగి పోశాడన్నమాట.

1554లో ఆవిష్కరించిన ఆ విగ్రహం ఫ్లోరెన్స్‌లోనే లోజా దెయి లాంజీ అనే తోరణాల మంటపంలో నేటికీ ఉంది. అంత ఎత్తున ఉన్న మెడూసా తల పోతలో రాదని కోసిమో ముందే వాదించాడు. తలకేం కాదు, లోహం అంత దూరం దిగాలి కాబట్టి కుడి పాదమే అనుమానం అన్నాడు చెల్లీని. అచ్చు పగలగొట్టి చూస్తే తల చక్కగా వచ్చింది, ఆ పాదం వేళ్ళూ వాటి పైన కాస్త భాగమూ రాలేదు. వాటిని మళ్ళీ చేసుకోవాల్సి వచ్చినా, తన మాటే నెగ్గిందని తెగ సంబరపడ్డాడట.