ఉంగరాల జుట్టులో చిక్కు తీయడం: అపోహలు – వాస్తవాలు

ఉంగరాల జుట్టు ఉన్నవారు నా దగ్గరకు వచ్చినప్పుడు ఏ షాంపూ మంచిది, ఏ నూనె మంచిది అని అడుగుతారు. జుట్టు పొడవు నిలవడానికి వాటికంటే ముఖ్యమైనది మరొకటుంది. తలస్నానంలో చిక్కు ఏ దశలో తీస్తున్నాం, ఎక్కడ మొదలుపెడుతున్నాం అన్నదే అది. ఆరోగ్యమైన జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెరిగినంత మేర కొసల దగ్గర తెగిపోతుంటే, ఏళ్లు గడిచినా జుట్టు భుజాలు దాటదు. చాలామంది దాన్ని పెరుగుదల లోపమని భావించి, మాడుకు మందులు వెతుకుతారు.

అపోహ: తడి జుట్టును ఎప్పుడూ దువ్వకూడదు.

తిన్నని జుట్టు విషయంలో ఈ మాట చాలా వరకు నిజం. అందుకే అందరికీ వర్తిస్తుందన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ గొలుసులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీరు చేరగానే తాత్కాలికంగా విడిపోతాయి కనుక, తడిసిన వెంట్రుక ఉబ్బి, మెత్తబడి, పొడిగా ఉన్నప్పటికంటే ఎక్కువగా సాగుతుంది, తక్కువ లాగుడుకే దెబ్బతింటుంది. తిన్నని జుట్టు ఉన్నవారు కాస్త ఆరనిచ్చి దువ్వుకోవాలని చర్మవైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

గట్టి ఉంగరాల జుట్టు సంగతి వేరు. దాని అడ్డుకోత గుండ్రంగా కాక, బాగా నొక్కినట్టు అండాకారంలో ఉంటుంది. వెంట్రుక తన పొడవునా వంపులు, మెలికలు తిరుగుతూ సాగుతుంది కాబట్టి, ఒకదాని వంపులో మరొకటి దూరి పట్టుకుంటుంది. మాడు నుంచి వచ్చే సహజమైన జిడ్డు ఇన్ని మలుపులు దాటి కొసల దాకా సులువుగా చేరదు. దానివల్ల కొసలు గరుకుబారి రాపిడి ఇంకా పెరుగుతుంది. అలాంటి జుట్టులో పొడిగా ఉండగా దువ్వెన దింపితే, లాగిన బలమంతా వంపుల దగ్గర పడి, వెంట్రుక అక్కడే తెగుతుంది. నీరు వంపులను కొంత సడలిస్తుంది, కండిషనర్ రాపిడిని తగ్గిస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు కలిగే మేలు, తడి వల్ల వచ్చే బలహీనతను మించి ఉంటుంది. కండిషనర్ లేకుండా కేవలం నీళ్లతో తడిసిన జుట్టును దువ్వడం మాత్రం ఉంగరాల జుట్టుకూ హానికరమే. ఈ షరతును వదిలేసి ‘తడిగా దువ్వండి’ అన్న సగం సలహాను మాత్రమే పాటించినవారి జుట్టు కొసలు చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: షాంపూతో బాగా రుద్దితే చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

రుద్దడం వల్ల చిక్కులు విడిపోవు, బిగుసుకుంటాయి. వెంట్రుక పైపొర మీది పొలుసులన్నీ కొసవైపుకు వాలి ఉంటాయి. జుట్టునంతా నడినెత్తికి చేర్చి గుండ్రంగా రుద్దితే, ఆ పొలుసులు ఎదురు దిశలో ఒకదానితో ఒకటి రాసుకొని పట్టుకుంటాయి. ఉన్ని దారాలు నలిగి ఒత్తుగా అట్టకట్టేది కూడా ఇలాగే. షాంపూ జిడ్డును తొలగిస్తుంది కాబట్టి ఆ సమయంలో జారుడుగుణం కూడా తక్కువగా ఉంటుంది. అరుదుగా కొందరిలో ఒక్క తలస్నానంతో జుట్టు విడదీయలేనంతగా జట కట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

అందువల్ల పెద్ద ముడులను నీళ్లు పోసుకోవడానికి ముందే, కొంచెం నూనె రాసి, వేళ్లతో వదులు చేసుకోవాలి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు జరిగే ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని ప్రయోగాల్లో తేలింది కనుక ఈ దశకు నేను దాన్నే ఇష్టపడతాను. తరువాత జుట్టును నాలుగు నుంచి ఎనిమిది పాయలుగా విడదీసి, ఒక్కొక్కటి వదులుగా అల్లి, షాంపూను మాడుకు మాత్రమే వేలికొసలతో పట్టించాలి. కిందికి జారే నురగ పొడవును శుభ్రం చేయడానికి సరిపోతుంది.

అపోహ: కండిషనర్ పట్టించాక కుదుళ్ల నుంచి కొసల దాకా ఒక్క దువ్వుతో దించవచ్చు.

కండిషనర్ ఎంత మంచిదైనా దువ్వే క్రమం మారదు. పైనుంచి దించిన దువ్వెన దారిలో ఉన్న చిన్న చిక్కులన్నింటినీ కిందికి తోసి, కొసల దగ్గర ఒకే పెద్ద ముడిగా మారుస్తుంది. ఒక పాయను విప్పి, వేళ్లు జారిపోయేంతగా కండిషనర్ పట్టించి, ముందు వేళ్లతో, ఆ తరువాత వెడల్పు పళ్ల దువ్వెనతో, చివరి రెండు అంగుళాల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి వెళ్లాలి. దువ్వెన ఆగినచోట లాగకూడదు; దాన్ని బయటకు తీసి, ముడి మీద మరికొంత కండిషనర్ రాసి, వెంట్రుకలను పక్కలకు విడదీయాలి. పూర్తయిన పాయను మళ్లీ మెలితిప్పి క్లిప్పు పెట్టకపోతే పక్క పాయతో చిక్కుపడి చేసిన పనంతా వృథా అవుతుంది.

అపోహ: చిక్కు తీసేటప్పుడు గుప్పెడు జుట్టు వస్తే జుట్టు రాలిపోతున్నట్టే.

తలనుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. తిన్నని జుట్టులో అవి ఎప్పటికప్పుడు జారిపోతాయి; ఉంగరాల జుట్టులో వంపుల మధ్యే ఇరుక్కుని, తలస్నానం రోజు అన్నీ కలిసి చేతికి వస్తాయి. వారానికి ఒకసారి మాత్రమే చిక్కు తీసేవారికి 350 నుంచి 700 దాకా కనిపించవచ్చు. వచ్చిన వెంట్రుకలను తెల్లకాగితం మీద పరిచి చూడండి. పూర్తి పొడవుతో, ఒక చివర చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి సహజంగా రాలినది. బుడిపె లేని పొట్టి ముక్కలు ఎక్కువగా ఉంటే అవి తెగినవి. అప్పుడు దువ్వే పద్ధతిని మార్చుకోవాలి. బుడిపె ఉన్నవే అయినా, మునుపటికంటే బాగా పెరిగి, వారాల తరబడి తగ్గకుండా ఉన్నా, మాడు మీద ఖాళీలు కనిపించినా చర్మవైద్యులను కలవాలి.

అపోహ: చివర్లో చల్లటి నీళ్లు పోస్తే పొలుసులు మూసుకుపోయి చిక్కు పడదు.

పొలుసులకు చల్లదనంతో తెరుచుకునే, మూసుకునే గుణం లేదు. వెంట్రుక ఉపరితలం, ముఖ్యంగా దెబ్బతిన్న చోట్ల, ఋణావేశం కలిగి ఉంటుంది. కండిషనర్‌లోని బెహెంట్రిమోనియం క్లోరైడ్ వంటి ధనావేశ పదార్థాలు అక్కడ అతుక్కుని నునుపునిస్తాయి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

అపోహ: పిల్లలకు చిక్కు తీస్తే నొప్పి తప్పదు.

నొప్పి పుట్టేది ముడి దగ్గర కాదు, లాగుడు చేరిన మాడు దగ్గర. ముడికి పైభాగాన పాయను ఒక చేత్తో గట్టిగా పట్టుకొని, రెండో చేత్తో కింద విడదీస్తే ఆ లాగుడు మాడు దాకా వెళ్లదు. పిల్ల ఏడుస్తుంటే ఆ పూట ఆపి, మిగిలిన పాయలు తరువాత చేసుకోవచ్చు. ఓర్చుకోమని బలవంతం చేయడం నేను ఏమాత్రం సమర్థించను. ఒకే వెంట్రుక తన చుట్టూ తానే చుట్టుకొని వేసుకున్న చిన్న ముడి మాత్రం ఎంత కండిషనర్ రాసినా సాధారణంగా విడిపోదు. దాన్ని లాగకుండా, ముడికి కాస్త పైన పదునైన కత్తెరతో కత్తిరించడం మంచిది.