అమావాస్యకు జాగ్రత్త సరే, అష్టమి సంగతేంటి?

మొన్న పౌర్ణమి ముందు రోజు రాత్రి పదకొండింటికి ఫోన్. కాట్రేనికోన వైపు పెద్దాయన, ఆరేళ్లుగా ఆయన రొయ్యల చెరువులు చూస్తున్నాను. "బాబూ, రేపు పౌర్ణమి. నాలుగు చెరువులూ పట్టేద్దామా? సముద్రంలో పగడాలే చంద్రుణ్ణి చూసి గుడ్లు పెట్టేస్తున్నాయంట, వీడియో వచ్చింది. మన రొయ్య ఆగుద్దా?"

ఆ వీడియో నాకు ఆ వారంలో తొమ్మిది మంది పంపారు. గులాబీ రంగు పూసల్లాంటివి వేలకొద్దీ పైకి తేలుతుంటాయి. దాని కింద ఎవరో "పౌర్ణమికి మోల్టింగ్ గ్యారంటీ, రైతులు జాగ్రత్త" అని తగిలించారు. మోల్టింగ్ అంటే రొయ్య పాత పెంకు వదిలి కొత్తది తొడుక్కోవడం; ఆ కాసేపూ ఒళ్లు మెత్తగా ఉంటుంది, అందుకే అంతకు ముందే పట్టెయ్యాలని పెద్దాయన తొందర. పగడం గుడ్లకీ రొయ్య పెంకుకీ ముడి పెట్టిన ఆ మహానుభావుడు ఎవరో గానీ, దొరికితే చెరువు గట్టు మీద ఒక రాత్రి కాపలా పెట్టాలి.

ముందు పగడాల సంగతి తేల్చేస్తాను. చాలావరకు అవి సరిగ్గా పౌర్ణమి నాడే గుడ్లు వదలవు. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఎక్కువ జాతులు పౌర్ణమి దాటిన నాలుగైదు రాత్రులకు వదులుతాయి, అదీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. నెలను నీటి వేడి నిర్ణయిస్తుంది, రోజును చంద్రుడు, గంటను సూర్యాస్తమయం. పౌర్ణమి నాడు పొద్దు గుంకే వేళకే చంద్రుడు వచ్చేస్తాడు. ఆ తర్వాత రోజుకి ముప్పావు గంట పైచిలుకు ఆలస్యం. అంటే పొద్దు పోయాక కాసేపు చీకటి మిగులుతుంది. కొన్ని పగడాలు ఆ చీకటినే గుర్తుగా పట్టుకుంటాయని తైవాన్‌లో చేసిన పరిశోధన చెబుతోంది. అన్ని సముద్రాల్లో ఒకే నెల కూడా కాదు. ఎర్ర సముద్రంలో ఒక్కో జాతిది ఒక్కో కాలం. ఇక మన అంతర్వేది దగ్గర పగడపు దిబ్బలు ఎందుకు లేవంటారా, గోదావరి తెచ్చే ఒండ్రులో, మంచినీళ్లలో అవి బతకలేవు. అంతే.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర డబ్బు పోగొట్టే అపోహ ఒక్కటే: "మోల్టింగ్ అమావాస్య, పౌర్ణమిలకే వస్తుంది."

చంద్రుడికి అసలు సంబంధమే లేదని నేను అనను. ఉంది, కానీ పోటు ద్వారా. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, కాలువలోకి ఉప్పునీళ్లు బాగా ఎక్కుతాయి. ఆ రోజుల్లోనే మీరు మోటారు వేసి నీళ్లు మారుస్తారు. నీరు మారి, ఉప్పు శాతం కదిలితే రొయ్య పెంకు వదులుతుంది. పైగా 15 గ్రాములు దాటిన రొయ్య దాదాపు రెండు వారాలకోసారి పెంకు మారుస్తుంది. మన పక్షం కూడా పదిహేను రోజులే కదండీ! ఒక పోటుకి కలిసిందంటే మళ్లీ పోటుకీ కలిసినట్టే కనిపిస్తుంది. చిన్న రొయ్య అయితే వారానికోసారి, ఇంకా చిన్నదైతే అంతకన్నా తొందరగా మారుస్తుంది. దానికి ఏ తిథి చెబుతారు?

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. ఈ పనిలో చేరిన రెండో ఏడు, రైతులందరికీ అమావాస్యకి మూడు రోజుల పాటు మేత సగం చెయ్యమని, మినరల్స్ చల్లమని క్యాలెండర్ చూసి చెప్పేవాణ్ణి. ఆగస్టులో ఒకసారి రాత్రంతా కుండపోత వాన. తిథి సప్తమో అష్టమో. "ఇవాళ పరవాలేదులెండి" అన్నాను. కరెంటు పోయింది, డీజిల్ ఎందుకు దండగని ఒక రైతు ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఆపేశారు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్తే గాలివాటుకి మూలకి చేరిన పెంకులు, ప్లాస్టిక్ కవర్ ముక్కల్లా, గట్టు పొడవునా మూరెడు వెడల్పున. రొయ్యలు తలలు పైకి పెట్టి అంచున తిరుగుతున్నాయి. మీటరు పెడితే ఆక్సిజన్ లీటరుకి రెండు మిల్లీగ్రాములు కూడా లేదు. పెంకు వదిలే సమయంలో రొయ్యకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, మనమేమో సరిగ్గా అప్పుడే గాలి ఆపాం. 62 రోజుల పంట. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

అందుకే క్యాలెండర్ కాదు, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దింపే పళ్లెం) చూడండి. మేత ఉన్నట్టుండి మిగిలిందా, ట్రేలో పెంకులు పడ్డాయా, బొటనవేలితో నొక్కితే రొయ్య సొట్ట పడుతోందా. ఇంకా ముందే తెలియాలంటే ఇరవై రొయ్యలు ల్యాబ్‌కి తెండి. తోక రెక్కను మైక్రోస్కోప్ కింద పెడితే పాత పెంకు లోపల కొత్త దాని అంచు విడిగా కనిపిస్తుంది. వాన పడిన రాత్రి, నీళ్లు మార్చిన రాత్రి, తిథి ఏదైనా ఏరేటర్లు ఆపకండి.

పెద్దాయన సంగతి అడుగుతారేమో. ఆ రాత్రే విసురు వల వేయించాను. గుప్పెడు తీసి చూస్తే గట్టి పెంకు, నిండు పేగు, అంటే మేత బాగా తింటోంది. రొయ్య ఇంకా 70 కౌంటు, అంటే కిలోకి డెబ్భై. "మీ టెన్షన్ నాకు అర్థమైంది, పెట్టుబడి మొత్తం నీళ్లలో ఉంది. కానీ ఇప్పుడు పడితే నష్టం చంద్రుడిది కాదండీ, మనదే" అన్నాను. ఆగారు. పన్నెండు రోజుల తర్వాత 60 కౌంటుకి కాస్త అటూ ఇటూగా పట్టారు.

మిగతావి గబగబా. మెత్త రొయ్య కనిపిస్తే రోగమేనా? ఒకటి రెండు రోజుల్లో గట్టిపడితే కాదు. గట్టిపడకపోతే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చూపించండి, రోగం పరీక్షా చేయించండి. మోల్టింగ్ ఆపే మందు అంటూ అమ్మేవి? ఆపడం మంచిదే కాదు, పెంకు మార్చకపోతే రొయ్య పెరగదు.

ఏకాదశి నాడు సీడ్ (రొయ్య పిల్లలు) వదిలితే బాగా బతుకుతుందా? మీ తృప్తి కోసం అయితే వదులుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పిల్లల్లో రోగం ఉందో లేదో చెప్పే పీసీఆర్ రిపోర్టు మాత్రం దశమి నాటికే నా చేతిలో ఉండాలి.